హెచ్ఓడీ కుర్చీ ఎక్కితే ల్యాబ్ చెయ్యి జారిపోతుందా?

ఈ వారం వచ్చిన ఉత్తరం ఇది:

"సార్ నమస్కారం. ట్రిపుల్ ఈలో పదహారేళ్ళుగా పాఠాలు చెప్తున్నాను, ప్రొఫెసర్ అయ్యి రెండేళ్ళు. నా సబ్జెక్టు పవర్ ఎలక్ట్రానిక్స్, చిన్న ల్యాబ్ ఉంది, ముగ్గురు పీహెచ్‌డీ స్కాలర్లు ఉన్నారు. వచ్చే నెల నుంచి హెచ్ఓడీగా, అంటే డిపార్ట్‌మెంట్ హెడ్‌గా ఉండమంటున్నారు, బాగా చేస్తే తర్వాత డీన్ అని కూడా చెవిన వేశారు. నాకేమో ఇన్వర్టర్ ముందు కూర్చుంటే టైం తెలీదు, ఫైల్ ముందు కూర్చుంటే నిద్దరొస్తుంది. వద్దందామంటే నాకన్నా అయిదేళ్ళు జూనియర్ ఆయన రెడీగా ఉన్నారు, రేపు నా లీవ్ లెటర్ మీద ఆయన సంతకం పెడతారు. సరే అందామంటే మా పిల్లల థీసిస్‌లు ఏమవుతాయో అని భయం. పైగా కొత్త బోర్డులో డ్యూటీ సైకిల్ (స్విచ్ ఆన్‌లో ఉండే టైం వాటా) పెంచినప్పుడల్లా పై మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) కాలిపోతోంది, ఇప్పటికి ఆరు పోయాయి, ఇలాంటి టైంలో వదిలేసి ఎలా వెళ్ళను? ఎలక్ట్రికల్ ప్రొఫెసర్లుగా ఉండి యూనివర్సిటీలు నడిపినవాళ్ళు ఎలా నెట్టుకొచ్చారు, ఏం పోగొట్టుకున్నారు? ఒక్కళ్ళ కథైనా చెప్పండి. నా పేరు వెయ్యొద్దు."

అమ్మా,

మీ ఉత్తరంలో రెండు చోట్ల ఆగాను. ఒకటి జూనియర్ సంతకం దగ్గర, రెండోది మాస్‌ఫెట్ దగ్గర. మొదటిదాని కోసమైతే మాత్రం కుర్చీ ఎక్కొద్దు, ముందే చెప్పేస్తున్నా. "నేను ఎక్కకపోతే వాడెక్కుతాడు" అని ఎక్కినవాళ్ళని చాలామందిని చూశాను, వాళ్ళకి మూడేళ్ళూ డిపార్ట్‌మెంట్ కనపడదు, ఆ జూనియర్ ఎక్కడున్నాడు, ఎవరితో టీ తాగుతున్నాడు ఇదే సరిపోతుంది. లీవ్ లెటర్ మీద ఎవరు సంతకం పెడితే ఏంటండీ, లీవు శాంక్షన్ అయితే చాలు.

మాస్‌ఫెట్ సంగతి చివర్లో చెప్తా.

కథ అడిగారు కాబట్టి టెర్మన్ కథ చెప్తాను, ఫ్రెడరిక్ టెర్మన్. మేం చదువుకునే రోజుల్లో టెర్మన్ అంటే మాకు మనిషి కాదు, లావుపాటి పుస్తకం, "టెర్మన్ ఎవరు తీసుకెళ్ళార్రా" అని లైబ్రరీలో పోట్లాడుకునేవాళ్ళం, అట్ట ఊడిపోతే మళ్ళీ బైండింగ్ చేయించిన కాపీ ఒక్కటే ఉండేది. ఆ పుస్తకం రాసినాయన స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్ అనీ, తర్వాత హెచ్ఓడీ, డీన్, చివరికి ప్రోవోస్ట్, అంటే ప్రెసిడెంట్ తర్వాత చదువుల వ్యవహారం మొత్తం చూసే మనిషి, ఇన్ని మెట్లు ఎక్కారనీ నాకు చాలా లేటుగా తెలిసింది, అప్పటికి నేనే ఒక కుర్చీలో ఇరుక్కుపోయి ఉన్నాను.

ఆయన పుట్టింది 1900లో. నాన్న లూయిస్ టెర్మన్ స్టాన్‌ఫర్డ్‌లోనే సైకాలజీ ప్రొఫెసర్, ఐక్యూ టెస్టులు అంటే గుర్తొచ్చే పేర్లలో ఆయనదొకటి. అలా క్యాంపస్ గాలి పీల్చుకుంటూ, హ్యామ్ రేడియో పిచ్చితో పెరిగిన కుర్రాడు 1920లో డిగ్రీ చేసింది కెమిస్ట్రీలో, తర్వాత ఎలక్ట్రికల్‌కి మారి, ఎంఐటీకి వెళ్ళి 1924లో డాక్టరేట్ తీసుకున్నారు, గైడ్ వన్నెవార్ బుష్. థీసిస్ దేని మీదనుకున్నారు? రేడియో మీద కాదు, దూరాభారం వెళ్ళే పవర్ ట్రాన్స్‌మిషన్ లైన్ల మీద. అంటే మన కులమే అన్నమాట, పవర్ వాళ్ళ కులం.

ఎంఐటీలో మాస్టారు ఉద్యోగం ఖాయమైంది, ఈలోపు సెలవులకి ఇంటికొచ్చారు, టీబీ పట్టుకుంది. అప్పటికి టీబీకి మందు లేదు, స్ట్రెప్టోమైసిన్ ఇంకో ఇరవై ఏళ్ళ తర్వాత మాట, పడుకోవడమే వైద్యం. ఊపిరితిత్తులు కదలకుండా ఛాతీ మీద ఇసక మూటలు పెట్టి నెలల తరబడి పడుకోబెట్టారు. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు, చేతిలో ఎంఐటీ డాక్టరేట్, గుండెల మీద ఇసక మూట, ఎలా ఉంటుందో ఊహించుకోండి. లేచాక కూడా ఫుల్‌టైం పనికి ఒళ్ళు సహకరించదంటే స్టాన్‌ఫర్డ్ హెచ్ఓడీ హారిస్ రయన్ 1925లో పార్ట్‌టైం పాఠాలు ఇచ్చారు. రయన్ గారు హై వోల్టేజ్ మనిషి, ఈయనేమో మెల్లగా రేడియో వైపు ఒరిగిపోయారు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే మీ ఉత్తరం నిండా "ఇప్పుడు ఔనంటే ఇలా, కాదంటే అలా" అని రెండు రైలు పట్టాలు గీసేశారు. ఆయన ప్లాన్ చేసుకున్న పట్టా ఒక్కటీ నిలవలేదు. ఎంఐటీ పోయింది, పవర్ పోయింది, మిగిలింది సగం జీతం, సగం ఒళ్ళు, ఒక పాతకాలం హెచ్ఓడీ దయ. నేనైతే ఈ కథలో మొదటి లీడర్ రయన్ అంటాను, జబ్బు కుర్రాణ్ణి నమ్మి సగం ఉద్యోగం ఇచ్చిన మనిషి. హెచ్ఓడీ కుర్చీకి ఆ పవర్ ఉంది, చాలామంది దాన్ని వాడరు, అది వేరే సంగతి.

1932లో రేడియో ఇంజనీరింగ్ పుస్తకం, 1937లో హెచ్ఓడీ. ఆ ఏళ్ళు అమెరికాలో డిప్రెషన్ రోజులు, అంటే ఆర్థిక మాంద్యం, డబ్బుల్లేవు, ఎక్విప్‌మెంట్ లేదు, మనకి గ్రాంటు రానప్పుడు ఎలా ఉంటుందో అలాగే. ఆయన చేసిన పని ఏంటంటే పిల్లల్ని వేసుకుని చుట్టుపక్కల ఉన్న చిన్న చిన్న ఎలక్ట్రానిక్స్ షాపులకి, వాక్యూమ్ ట్యూబులు తయారు చేసే చార్లీ లిట్టన్ దగ్గరికి, టీవీ కనిపెట్టే పనిలో ఉన్న ఫార్న్స్‌వర్త్ ల్యాబ్‌కి తీసుకెళ్ళడం. ఇండస్ట్రియల్ విజిట్ అని మనమూ చేస్తాం, బస్సు, భోజనం, గ్రూప్ ఫోటో, రిపోర్ట్ కాపీ కొట్టడం, అయిపోయింది. ఆయన తీసుకెళ్ళింది పిల్లలకి ఒక విషయం కళ్ళతో చూపించడానికి, ఈ కంపెనీలు పెట్టినవాళ్ళలో పెద్ద చదువులు చదవనివాళ్ళు కూడా ఉన్నారు, మీరు ఇంకా బాగా చెయ్యగలరు అని.

ఆ బ్యాచుల్లో ఇద్దరు విలియం హ్యూలెట్, డేవిడ్ ప్యాకార్డ్. ప్యాకార్డ్ చదువైపోయి జనరల్ ఎలక్ట్రిక్‌లో ఉద్యోగానికి తూర్పు వైపు వెళ్ళిపోతే ఫెలోషిప్ ఏర్పాటు చేసి మరీ వెనక్కి రప్పించింది ఈయనే. హ్యూలెట్ థీసిస్ ఆడియో ఆసిలేటర్, అంటే చెవికి వినపడే ఫ్రీక్వెన్సీల్లో సిగ్నల్ పుట్టించే పరికరం. మీకు ఇది ఇష్టంగా ఉంటుంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. రెసిస్టర్లు, కెపాసిటర్లతో వీన్ బ్రిడ్జ్ ఆసిలేటర్ కట్టొచ్చని అందరికీ తెలుసు, చిక్కు ఎక్కడంటే గెయిన్, అంటే సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతోందో అది, ఒక్క పిసరు ఎక్కువైతే వేవ్‌ఫామ్ పెరిగి పెరిగి తల తెగిపోతుంది, ఒక్క పిసరు తగ్గితే ఆసిలేషన్ చచ్చిపోతుంది. హ్యూలెట్ ఫీడ్‌బ్యాక్ దారిలో ఒక చిన్న మామూలు లైట్ బల్బు పెట్టాడు. ఔట్‌పుట్ పెరిగితే ఫిలమెంట్ వేడెక్కుతుంది, వేడెక్కితే దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది, దాంతో గెయిన్ తనంతట తనే దిగుతుంది, ఔట్‌పుట్ తగ్గితే ఫిలమెంట్ చల్లారి మళ్ళీ గెయిన్ ఎక్కుతుంది. అంతే, ఒక బల్బు. పోటీ కంపెనీల ఆసిలేటర్లు వందల డాలర్లు ఉన్న రోజుల్లో వీళ్ళు తమ మొదటి మోడల్‌కి 54 డాలర్ల 40 సెంట్లు రేటు పెట్టారు, తర్వాత లెక్క చూసుకుంటే తయారీ ఖర్చే అంతకన్నా ఎక్కువ అవుతోందని తేలింది, ఇంజనీర్ల లెక్కలు అలాగే ఉంటాయి లెండి. 538 డాలర్ల పెట్టుబడితో 1939లో పాలో ఆల్టోలో ఒక అద్దింటి గ్యారేజీలో మొదలైన ఆ కంపెనీయే హెచ్‌పీ. తర్వాతి మోడల్ ఆసిలేటర్లు ఎనిమిది వాల్ట్ డిస్నీ కంపెనీ కొనుక్కుంది.

టెర్మన్ అటువైపు వెళ్ళినప్పుడల్లా గ్యారేజీ చూసేవారట. కారు గ్యారేజీ లోపల ఉంటే ఆర్డర్లు లేనట్టు, కారు బయట ఎండలో ఉంటే లోపల పని జరుగుతున్నట్టు. నాకు ఈయన కథ మొత్తంలో ఎక్కువ నచ్చింది ఇదే. ఒక హెచ్ఓడీ, ఇంటికెళ్ళే దారిలో, తన పాత స్టూడెంట్ల కారు ఎక్కడుందో చూసి సంతోషపడటం.

ఇప్పుడు మీకు ఒక ప్రశ్న. మీ స్కాలర్ బోర్డు పనిచేసిన రోజున, దాన్లో మీ చెయ్యి అసలు లేకపోయినా సరే, మీకు అదే సంతోషం వస్తుందా? రాకపోతే తప్పేం లేదు, చాలామంది మంచి రీసెర్చర్లకి రాదు, తమ చేత్తో సోల్డర్ చేసిందే తమకి ముద్దు, అలాంటివాళ్ళు కుర్చీ ఎక్కితే వాళ్ళకీ నరకం, కింద ఉన్నవాళ్ళకీ నరకం. మీ ఉత్తరంలో "మా పిల్లల థీసిస్‌లు ఏమవుతాయో" అని రాశారు, "నా పేపర్లు ఏమవుతాయో" అని రాయలేదు. మీరు గమనించుకున్నారో లేదో గానీ నేను గమనించాను.

సరే, కథలోకి వద్దాం. 1941లో టెర్మన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రేడియో ఇంజనీర్స్ ప్రెసిడెంట్, ఇప్పుడు మనమంతా మెంబర్‌షిప్ కట్టే ఇంజనీర్ల సంఘం ఐఈఈఈలో అది ఒక పాయ. యుద్ధం ముదిరింది. పాత గైడ్ బుష్ అప్పటికి వాషింగ్టన్‌లో యుద్ధ పరిశోధనలన్నిటికీ పెద్ద, ఆ పరిచయంతోనే 1942లో హార్వర్డ్‌లో రేడియో రీసెర్చ్ ల్యాబ్ పెట్టి నడిపే పని ఈయన నెత్తిన పడింది. శత్రువు రాడార్లని మభ్యపెట్టడమే ఆ ల్యాబ్ పని. అప్పటిదాకా ఈయన నడిపింది వేళ్ళ మీద లెక్కపెట్టగలిగే ఫ్యాకల్టీ ఉన్న డిపార్ట్‌మెంట్, ఇక్కడ చూస్తే ఎనిమిది వందల పైచిలుకు మంది. జామర్లతో పాటు వాళ్ళు పనిచేసిన వాటిలో చాఫ్ ఒకటి, విమానంలోంచి అల్యూమినియం రేకు ముక్కలు వెదజల్లడం. జర్మన్ల వుర్జ్‌బర్గ్ రాడార్ 560 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసేది, అంటే వేవ్‌లెంగ్త్ 53 సెంటీమీటర్లు చిల్లర, దాంట్లో సగం 27 సెంటీమీటర్లకి రేకు కత్తిరిస్తే ఒక్కో ముక్కా ఒక డైపోల్, అంటే చిన్న యాంటెన్నా, అయి కూర్చుంటుంది, రాడార్ స్క్రీన్ మీద ఏది విమానమో ఏది రేకో తెలీదు. బ్రిటిష్ వాళ్ళు దీన్ని మొదటిసారి 1943 జులైలో హాంబర్గ్ మీద వాడారు. మన సెకండియర్ యాంటెన్నా క్లాసులో చెప్పే హాఫ్ వేవ్ డైపోలే, ఇంకేం లేదు.

ఆ మూడేళ్ళూ ఆయనకి సొంత రీసెర్చ్ ఏముంటుంది చెప్పండి. కానీ అక్కడ కూర్చుని ఒక విషయం చూశారు, యుద్ధకాలం రీసెర్చ్ డబ్బంతా ఎంఐటీ, హార్వర్డ్ లాంటి తూర్పు వైపు యూనివర్సిటీలకే పోతోంది, స్టాన్‌ఫర్డ్‌కి దక్కుతున్నది చిల్లర. 1946లో డీన్‌గా తిరిగొచ్చేటప్పుడు ఆ ల్యాబ్‌లో పనిచేసినవాళ్ళలో మంచివాళ్ళని కొందరిని వెంటబెట్టుకొచ్చారు. అన్ని బ్రాంచీలకీ తలా కొంచెం పంచి అందరినీ మీడియంగా ఉంచడం ఆయనకి పడదు, ఊరి చుట్టూ ఒకే ఎత్తు ప్రహరీ కట్టే బదులు నాలుగు గోపురాలు లేపితే దూరం నుంచి జనానికి అవే కనపడతాయి అనే రకం. యూనివర్సిటీకి ఎకరాల కొద్దీ భూమి ఉంది, అమ్మడానికి వీల్లేదని స్థాపించినప్పుడే రాసి పెట్టేశారు. అమ్మకూడదు సరే, లీజుకి ఇవ్వొచ్చుగా? అలా 1951లో ఇండస్ట్రియల్ పార్క్ వచ్చింది, మొదటి కంపెనీ వేరియన్, అదీ స్టాన్‌ఫర్డ్ ఫిజిక్స్ ల్యాబ్‌లో 1937లో క్లిస్ట్రాన్ అనే మైక్రోవేవ్ ట్యూబ్ కనిపెట్టిన అన్నదమ్ములదే. 1954లో ఇంకో స్కీము, చుట్టుపక్కల కంపెనీల్లో పనిచేసే ఇంజనీర్లు ఉద్యోగం చేసుకుంటూనే స్టాన్‌ఫర్డ్‌లో మాస్టర్స్ చదువుకోవచ్చు, ఫీజు కంపెనీ కడుతుంది. ఈ రోజు సిలికాన్ వ్యాలీ అంటే ఈయన పేరు చెప్పేది వీటి వల్లే. మన దగ్గర ఐఐటీ మద్రాస్ రీసెర్చ్ పార్క్ 2010లో మొదలైంది చూడండి, అదీ ఈ తోవలోదే, అక్కడా దాని వెనక ఉన్నది అశోక్ ఝున్‌ఝున్‌వాలా అనే ఎలక్ట్రికల్ ప్రొఫెసరే.

1955లో ప్రోవోస్ట్. అదే 1955లో ఆయన పుస్తకం నాలుగో ఎడిషన్ వచ్చింది. ఒక్క నిమిషం ఇక్కడ ఆగండి, మీ ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడే ఉంది. యూనివర్సిటీ మొత్తం చదువుల భారం నెత్తినెక్కిన ఏడాది వెయ్యి పేజీల పుస్తకం కొత్త ఎడిషన్ ఎలా తెచ్చారు? టైటిల్ పేజీ తిరగేస్తే తెలుస్తుంది, ఈయన పేరు కింద సాయం చేసినవాళ్ళవి ఇంకో నాలుగు పేర్లు ఉంటాయి, హెలివెల్, పెటిట్, వాట్కిన్స్, రాంబో. ట్రాన్సిస్టర్లు, మైక్రోవేవ్ ట్యూబులు వచ్చి సబ్జెక్టు తన చేతిలోంచి దాటిపోతోందని ఆయనకి తెలుసు, అందుకే వాటిలో మునిగి ఉన్న తన మనుషుల్ని పిలిచి, పేరు దాచకుండా, మొదటి పేజీలో వేశారు. ఆ నలుగురిలో జోసెఫ్ పెటిట్ ఈయన స్టూడెంటే, 1958లో స్టాన్‌ఫర్డ్ ఇంజనీరింగ్ డీన్ అయ్యారు, 1972 నుంచి 1986లో పోయేదాకా జార్జియా టెక్ ప్రెసిడెంట్. అంటే పని పంచుకున్నవాడే తర్వాత కుర్చీలు నడపడం నేర్చుకున్నాడు.

నేనేం చేశానో కూడా చెప్పాలిగా. నేను హెచ్ఓడీ అయిన ఏడాది నా స్కాలర్ ఒకబ్బాయి పేపర్ డ్రాఫ్ట్ తెచ్చి టేబుల్ మీద పెట్టాడు, "ఈ ఆదివారం చూస్తాన్రా" అన్నాను. దాని మీద అక్రిడిటేషన్ ఫైలు వచ్చి కూర్చుంది, దాని మీద సీఓ-పీఓ మ్యాపింగ్ షీట్లు, దాని మీద ల్యాబ్ స్టాక్ రిజిస్టర్, దాని మీద కరెంటు పోయిన రోజున పెట్టిన టీ కప్పు. నాలుగు నెలలు. వాడు రోజూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడి నా మొహం చూసి వెళ్ళిపోయేవాడు, ఒక్కసారి కూడా అడగలేదు. చివరికి ఆ ఐడియాతోనే వేరే గ్రూపు వాళ్ళ పేపర్ వచ్చేసింది, వాడు ఆ ప్రింటౌట్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టి "పర్లేదు సార్" అన్నాడు. ఆ "పర్లేదు సార్" ఇప్పటికీ వినిపిస్తుంది నాకు. తప్పు అక్రిడిటేషన్ ఫైల్ది కాదమ్మా, ఇంకో మాస్టార్ని కో-గైడ్‌గా పెట్టుకుంటే నా పేరు పలచబడిపోతుందని లోపల ఎక్కడో పీకింది, అదీ తప్పు.

టెర్మన్‌ని దేవుణ్ణి చెయ్యను. ప్రోవోస్ట్ అయ్యాక ఆయన అంకెల మనిషి అయిపోయారు, ఏ డిపార్ట్‌మెంట్ ఎన్ని పీహెచ్‌డీలు ఇస్తోంది, ఎంత గ్రాంటు తెస్తోంది, ఒక్కో ప్రొఫెసర్‌కి ఎంతమంది, అన్నీ టేబుళ్ళు వేసి కొలిచేవారు. ఎలక్ట్రానిక్స్‌కి ఆ కొలత సరిపోయింది, హ్యుమానిటీస్ వాళ్ళకి మండింది, అంకెల్లో తక్కువ కనపడితే గోపురం కాదు కదా అరుగు కూడా దక్కదు. మనకి ఇప్పుడు కాలేజీలకి గ్రేడ్లు, ర్యాంకులు ఇచ్చే నాక్, ఎన్‌ఐఆర్‌ఎఫ్ అని అంకెల పండగ రోజూ నడుస్తోంది కాబట్టి ఈ బాధ మీకు వేరే చెప్పక్కర్లేదు. ఇంకోటి, ఆయన తెచ్చిన డబ్బులో పెద్ద వాటా మిలిటరీది. ఆయన 1965లో రిటైర్ అయ్యారు, 1969 ఏప్రిల్‌లో వియత్నాం యుద్ధం మీద కోపంతో ఉన్న స్టూడెంట్లు రహస్య రీసెర్చ్ జరిగే అప్లయిడ్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో తొమ్మిది రోజులు బైఠాయించారు. డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో చూసుకోకుండా గోపురం కడితే దాని బిల్లు తర్వాత కుర్చీలోకి వచ్చినవాడికి వస్తుంది.

రిటైర్ అయ్యాక ఖాళీగా కూర్చోలేదు, 1970లో కొరియా వెళ్ళి అక్కడ ఒక పీజీ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ పెట్టొచ్చా లేదా అని చూసి రిపోర్ట్ ఇచ్చిన టీమ్‌కి ఆయనే పెద్ద, దాని వల్ల 1971లో పుట్టిన సంస్థే ఇప్పటి కైస్ట్. 1982లో పోయారు.

ఇంకా ఒకరిద్దరు. జాన్ హెన్నెసీ, మిప్స్ ప్రాసెసర్ మనిషి, 1977లో స్టాన్‌ఫర్డ్ ఎలక్ట్రికల్ ఫ్యాకల్టీలో చేరారు, 1996లో డీన్, 1999లో ప్రోవోస్ట్, 2000 నుంచి 2016 దాకా ప్రెసిడెంట్, ఇంత బిజీలోనూ ప్యాటర్సన్‌తో కలిసి రాసిన కంప్యూటర్ ఆర్కిటెక్చర్ పుస్తకం ఎడిషన్లు ఆగలేదు, కంప్యూటర్ రంగంలో పెద్ద బహుమతి ట్యూరింగ్ అవార్డు 2017కి ఇద్దరికీ కలిపి వచ్చింది. ఇక్కడా చూడండి, పక్కన ఇంకో మనిషి ఉన్నాడు. పాల్ గ్రే అని ఎంఐటీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్, 1980 నుంచి పదేళ్ళు ప్రెసిడెంట్, అన్ని పదవులూ అయ్యాక మళ్ళీ డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళి పిల్లలకి పాఠం చెప్పుకున్నారు. నాకు అది పెద్ద పదవి అనిపిస్తుంది. మన దగ్గర చూస్తే ఐఐటీ హైదరాబాద్‌ని మొదట్నుంచీ నిలబెట్టిన యు.బి. దేశాయ్ గారు, సిగ్నల్ ప్రాసెసింగ్ మనిషి, ఐఐటీ బాంబేలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్, 2009 నుంచి పదేళ్ళు డైరెక్టర్, ఎద్దుమైలారంలో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ వాళ్ళ అరువు బిల్డింగుల్లో మొదలైన కాలేజీని కందిలో సొంత క్యాంపస్‌కి తెచ్చారు. అలాంటి పని నెత్తినేసుకున్నవాళ్ళకి ల్యాబ్‌లో సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే టైం ఉంటుందా అంటే ఉండదు, మభ్యపెట్టను.

అందుకని మీ విషయంలో నా మాట: ఒప్పుకోండి, కానీ హెచ్ఓడీ వరకే, మూడేళ్ళకే. డీన్ అనేది చెవిన వేసిన మాట, అది చెవిలోనే ఉండనివ్వండి, దాని కోసం ఒక్క ఫైలు కూడా ఎక్కువ మొయ్యొద్దు. పైగా తొందరేముంది, వీసీ (వైస్ ఛాన్సలర్) పోస్టుకి కూడా 2018 యూజీసీ రెగ్యులేషన్స్‌లో అడిగింది పదేళ్ళ ప్రొఫెసర్ అనుభవం, అకడమిక్ లీడర్‌షిప్ చూపించిన రుజువు, మీరు ప్రొఫెసర్ అయ్యింది నిన్న గాక మొన్న.

ఔననే ముందు వీసీ గారి దగ్గరో రిజిస్ట్రార్ దగ్గరో మాట్లాడుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, ఆర్డర్ చేతికొచ్చాక అడిగితే ఎవడూ వినడు, ముందే అడగాలి, నోటిమాట కాదు, మీరే ఒక మెయిల్ రాసి "మనం అనుకున్నట్టుగా" అని మొదలుపెట్టండి, రేపు అక్కరకొస్తుంది. టైంటేబుల్, ఎగ్జామ్ డ్యూటీలు ఇవి చూసుకోవడానికి ఒక అసోసియేట్ హెచ్ఓడీ కావాలని అడగండి, ఆ పేరు దగ్గర, మీకు నచ్చదని తెలుసు, ఆ జూనియర్ ఆయన పేరే చెప్పండి. ఎందుకంటే ఆయనకి ఆ పని మీద ఇష్టం ఉంది, ఇష్టం ఉన్నవాడు బాగా చేస్తాడు, మూడేళ్ళ తర్వాత కుర్చీ ఆయనకి ఇచ్చి మీరు ల్యాబ్‌కి వెళ్ళిపోవచ్చు, లీవ్ లెటర్ మీద అప్పుడు పెట్టే సంతకం వేరుగా ఉంటుంది. ఒక్క థియరీ పేపర్ మాత్రం వదలొద్దు, సెకండియర్‌దైతే మరీ మంచిది, పిల్లలతో ఆ కాస్త సంబంధం కూడా తెగిపోతే మీరు గుమాస్తా అయిపోతారు. వారంలో రెండు మధ్యాహ్నాలు ల్యాబ్‌కి, తలుపు మీద బోర్డు పెట్టండి, ఆఫీస్ అటెండర్‌కి చెప్పండి బిల్డింగ్ అంటుకుంటే తప్ప పిలవొద్దని. మొదటి నెల రెండు మూడుసార్లు పిలుస్తారు, వెళ్ళొద్దు, నాలుగో నెలకి అలవాటు పడతారు.

స్కాలర్ల సంగతి. ముగ్గురికీ ఇప్పుడే, ఆర్డర్ రాకముందే, కో-గైడ్‌ని పెట్టండి. వాళ్ళని కూర్చోబెట్టి నిజం చెప్పండి, రేపట్నుంచి నేను లేటు చేస్తాను, పది రోజులు దాటి డ్రాఫ్ట్ నా దగ్గరుంటే కో-గైడ్‌కి పంపేసుకోండి, నన్ను అడగక్కర్లేదు అని. ఈ ఒక్క మాట నేను మా అబ్బాయికి చెప్పి ఉంటే బాగుండేది. మొదటి ఏడాది కొత్త స్కాలర్‌ని తీసుకోవద్దు, ఎవరు రికమెండ్ చేసినా సరే. కొత్త ప్రాజెక్ట్ ప్రపోజల్‌లో ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్‌గా మీ డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన పిల్ల మేడమ్‌నో కుర్రాడినో పెట్టి మీరు రెండో పేరుగా ఉండండి.

వీటిలో వాళ్ళు సగం కూడా ఒప్పుకోకపోతే? అప్పుడు హాయిగా వద్దనండి, నమస్కారం పెట్టి ల్యాబ్‌కి వచ్చెయ్యండి. మనసులో పెట్టుకోవద్దు, వెనక మాట్లాడొద్దు, జూనియర్ ఆయన హెచ్ఓడీ అయితే మొదటి రోజు మీరే వెళ్ళి కంగ్రాట్స్ చెప్పండి.

ఇక మీ మాస్‌ఫెట్. డ్యూటీ పెంచినప్పుడే, అదీ పైదే పోతోంది అన్నారు కాబట్టి డెడ్ టైం (రెండు స్విచ్‌లూ ఆఫ్‌లో ఉంచే విరామం) కంటే ముందు నా అనుమానం బూట్‌స్ట్రాప్ కెపాసిటర్ మీద. గేట్ డ్రైవర్‌లో పై స్విచ్‌కి కావాల్సిన వోల్టేజ్ ఆ కెపాసిటర్ ఇస్తుంది, అది నిండేది కింది స్విచ్ ఆన్‌లో ఉన్న కాసేపే. డ్యూటీ 95 శాతం దాటిస్తే కింది దానికి దొరికే టైం చాలదు, కెపాసిటర్ నిండదు, పై గేటుకి 12 వోల్టులు రావాల్సింది ఏ 7కో పడిపోతుంది, మాస్‌ఫెట్ పూర్తిగా తెరుచుకోక సగంలో వేలాడుతూ వేడెక్కి పోతుంది, డ్రైవర్‌లో అండర్ వోల్టేజ్ లాకౌట్ (వోల్టేజ్ తగ్గితే ఆపేసే ఏర్పాటు) సరిగ్గా లేకపోతే దాదాపు ఇదే. కంట్రోలర్ ఔట్‌పుట్ దగ్గర చూస్తే అంతా బాగానే కనపడుతుంది, పై మాస్‌ఫెట్ గేటుకీ సోర్సుకీ మధ్యే చూడాలి, డిఫరెన్షియల్ ప్రోబ్‌తోనే, మామూలు ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ అక్కడ తగిలించారంటే ఏడోది కూడా పోతుంది, స్కోప్ కూడా పోవచ్చు. డ్యూటీ 90 దగ్గర ఆపి చూడండి, అప్పటికీ పోతుంటే పై గేటుకి విడిగా ఐసొలేటెడ్ సప్లై వేసెయ్యడమే. ప్రోబ్ మీరు పట్టుకోవద్దు, స్కాలర్ చేత పెట్టించండి, మీరు స్టూల్ మీద కూర్చుని స్కోప్ స్క్రీన్ చూడండి, ఏమైందో రాయండి.